వెతికేవాడూ వాడే, దొరకాల్సినవాడూ వాడే

మూడేళ్ళ క్రితం సంగతి. శుక్రవారం రాత్రి రిలీజ్ అయింది. శనివారం తెల్లారేసరికి క్లయింటు దగ్గర కొన్ని వందల చెల్లింపులు రెండేసి సార్లు నమోదైపోయాయి. ఆదివారమంతా కూర్చుని ఆ చెత్త శుభ్రం చేసాం. సోమవారం పొద్దున్నే మా మేనేజరు నన్ను గదిలోకి పిలిచి, "ఇది ఎవరి మార్పు వల్ల జరిగిందో నువ్వే తేల్చాలి, బుధవారానికల్లా రిపోర్టు కావాలి" అన్నాడు. టీంలో ఆ కోడంతా తెలిసినవాణ్ణి నేనే కాబట్టి పని నాకివ్వడం సహజమే. సీట్లోకొచ్చి పాత మార్పులన్నీ తిరగేయడం మొదలెట్టాను. పావుగంట పట్టింది. తర్వాత లేచి వెళ్ళి టీ తాగాను. ఆ టీ తాగుతుంటే గుర్తొచ్చిన పుస్తకం గురించే ఇదంతా. నా కథ చివర్లో చెప్తాను, దాటెయ్యను లెండి.

పుస్తకం పేరు 'ద బిగ్ క్లాక్'. రాసింది కెనెత్ ఫియరింగ్ అనే అమెరికన్ కవి, 1946లో. (కథ మొత్తం చెప్పేస్తున్నాను. అసలు పుస్తకం చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అయినా హంతకుడెవరో చివర్లో తెలిసే రకం కాదిది, మొదట్లోనే చెప్పేస్తాడు. కాబట్టి పెద్ద నష్టమేం లేదు.)

న్యూయార్కులో జానోత్ ఎంటర్‌ప్రైజెస్ అని ఓ పెద్ద పత్రికల కంపెనీ. వ్యాపారానికో పత్రిక, ఫ్యాషన్లకో పత్రిక, నేరాలకో పత్రిక. ఆ నేరాల పత్రిక 'క్రైంవేస్'కి ఎడిటరు జార్జ్ స్ట్రౌడ్. భార్య, చిన్న కూతురు, ఊరి బయట ఇల్లు, రోజూ రైల్లో ఆఫీసు. కంపెనీ యజమాని ఎర్ల్ జానోత్, ఆయన స్నేహితురాలు పాలిన్ డెలోస్. స్ట్రౌడ్ ఈ పాలిన్‌తో గుట్టుగా ఓ వారాంతం గడుపుతాడు (మన హీరో మంచివాడేం కాదు). తిరిగొచ్చి ఆమెని ఇంటి దగ్గర వదిలి, వీధి మలుపులో నీడలో నిలబడి చూస్తుండగా జానోత్ కారు దిగి లోపలికి వెళ్తాడు. అవతల ఎవరో ఉన్నట్టు జానోత్‌కీ తెలుస్తుంది, మొహం మాత్రం కనబడదు. లోపల ఇద్దరికీ మాటా మాటా పెరిగి, చేతికందిన బరువైన మద్యం సీసాతో జానోత్ ఆమెని కొట్టి చంపేస్తాడు.

అక్కణ్ణించి తిన్నగా తన కుడిభుజం స్టీవ్ హేగన్ ఇంటికి పోతాడు. హేగన్ బుర్ర పాదరసం. హత్యని చూసినవాళ్ళెవరూ లేరు, కానీ జానోత్ లోపలికెళ్ళడం చూసినవాడు ఒకడున్నాడు. వాణ్ణి పోలీసుల కంటే ముందు మనం పట్టుకోవాలి. ఎలా? ఊళ్ళో ఏ పోలీసు శాఖకీ తీసిపోని యంత్రాంగం తమ ఆఫీసులోనే ఉందిగా! విలేఖర్లున్నారు, పరిశోధకులున్నారు, పాత ఫైళ్ళున్నాయి. అసలు కారణం చెప్పకుండా, ఏదో పెద్ద వ్యాపార కుట్రలో మధ్యవర్తి కోసం వెతుకుతున్నాం అని చెప్తే సరి. మరి ఆ వెతుకులాటకి నాయకత్వం ఎవరికివ్వాలి? కంపెనీలో మనుషుల్ని వెతికి పట్టడంలో అందరికంటే సమర్థుడికి.

అంటే జార్జ్ స్ట్రౌడ్‌కి.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు మనవాళ్ళు. ఇక్కడ ఇంటిదొంగ చేతికే తాళాలిచ్చి, దొంగని పట్టుకురమ్మంటారు. కాకపోతే ఈ దొంగ హత్య చెయ్యలేదు, చూసాడంతే. నోరు విప్పితే సంసారం పోతుంది, విప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది.

నాకు ఒళ్ళు జలదరించింది హత్య దగ్గర కాదు, ఆ తర్వాత ఆఫీసు పని మొదలైనప్పుడు. స్ట్రౌడ్ మనుషుల్ని పిలిచి పనులు పంచుతాడు: నువ్వు ఆ బార్‌కి వెళ్ళు, నువ్వు పాత వస్తువుల దుకాణాలు చూడు, నువ్వు ఆ బొమ్మ గీసిన చిత్రకారిణి ఎవరో కనుక్కో. ప్రతి పనీ తనని తాను ఉరికంబం వైపు ఓ అంగుళం నెట్టుకోవడమే. పోనీ తప్పుదారి పట్టిద్దామా అంటే ఎక్కువ పట్టించలేడు. కింద పనిచేసేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు, వాళ్ళకి పని నేర్పింది తనే! మరీ తిక్క పనులు చెప్తే అనుమానం వస్తుంది. కాబట్టి మనలాంటివాళ్ళందరికీ బాగా తెలిసిన పనే చేస్తాడు: నిదానం చేస్తాడు. ముఖ్యమైన దారికి తక్కువమందినీ, పనికిరాని దారికి ఎక్కువమందినీ పంపుతాడు. రిపోర్టు వచ్చాక ఇంకాస్త వివరంగా కావాలంటాడు.

వాళ్ళలో ఒక్కరికీ స్ట్రౌడ్ మీద కోపం లేదు. ఎవరి కోసం వెతుకుతున్నారో తెలీదు, ఎందుకో అంతకంటే తెలీదు. తమ పని బాగా చేస్తున్నారంతే. అలా బాగా చెయ్యడం వల్లే వల బిగుసుకుంటూ వస్తుంది. నవల్లో కథ చెప్పేది కూడా స్ట్రౌడ్ ఒక్కడే కాదు. అతని భార్య, జానోత్, హేగన్, ఇద్దరు కింది ఉద్యోగులు, ఆ చిత్రకారిణి... ఎవరి అధ్యాయం వాళ్ళు "నేను" అంటూ చెప్పుకుపోతారు. ఎవరి బల్ల దగ్గర్నుంచి వాళ్ళకి కనబడినంతే కథ.

నేను చిన్నప్పుడు చదివిన డిటెక్టివ్‌లు ఇలా ఉండేవి కాదు. మా నాన్న పెట్టెలో కొమ్మూరి సాంబశివరావు నవలలుండేవి, యుగంధర్, అసిస్టెంట్ రాజు. నేరం ఒకచోట జరుగుతుంది, బయట్నుంచి యుగంధర్ వస్తాడు, మనకి ధైర్యం వస్తుంది. ఇంగ్లీషులోనూ చాలాకాలం అంతే. ఆఫీసులో జరిగే మిస్టరీలకి పెద్దదిక్కు లాంటిది డొరొతీ సేయర్స్ 1933లో రాసిన 'మర్డర్ మస్ట్ ఎడ్వర్టైజ్'. ఆవిడ 1920లలో లండన్లో బెన్సన్స్ అనే ప్రకటనల కంపెనీలో కాపీరైటరుగా పనిచేసింది కాబట్టి ఆఫీసు కబుర్లూ, టీ బల్ల దగ్గర పితూరీలూ భలే కుదిరాయి. కానీ అక్కడా డిటెక్టివ్ దొరగారు మారుపేరుతో బయట్నుంచి వచ్చి ఉద్యోగంలో చేరినవాడే. పని అయిపోగానే పోతాడు. ఆఫీసు ఆయనకి వేషం, బతుకు కాదు. 1944లో శామ్యూల్ ఫుల్లర్ (తర్వాత సినిమా దర్శకుడయ్యాడు, ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి యుద్ధంలో సైనికుడు) 'ద డార్క్ పేజ్' రాసాడు. అందులో హంతకుడు పత్రిక ఎడిటరు, అతని వెనకపడేది అతని దగ్గరే పనిచేసే విలేఖరి. అప్పటికి ఆఫీసులోకి వచ్చేసాం. రెండేళ్ళ తర్వాత ఫియరింగ్ ఇంకో మెట్టు దిగాడు, వేటగాణ్ణీ వేటనీ ఒకే కుర్చీలో కూర్చోబెట్టాడు.

1946లోనే, న్యూయార్కులోనే ఈ ఊహ ఎందుకొచ్చింది? చరిత్ర కొంచెం తవ్వితే నాకు దొరికింది ఇదీ.

జానోత్ కంపెనీ వెనక హెన్రీ లూస్ గారి టైం సంస్థ నీడ ఉందని విమర్శకులు ఎప్పట్నుంచో అంటున్నదే. లూస్, బ్రిటన్ హాడెన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు 1923 మార్చిలో టైం వారపత్రిక మొదలెట్టారు. హాడెన్ 1929లో పోయాడు. 1930లో ఫార్చ్యూన్, 1936లో లైఫ్ వచ్చాయి. 1938కల్లా రాక్‌ఫెల్లర్ సెంటర్లో సొంత పేరుతో ఆకాశహర్మ్యం. అక్కడి పనితీరు విచిత్రం. వ్యాసం ఒకడు రాయడు, గుంపు రాస్తుంది. ఊళ్ళ నుంచి విలేఖరులు సమాచారం పంపిస్తారు, ఆఫీసులో ఒకడు దాన్ని కథగా అల్లుతాడు, పైన ఎడిటరు తిరగరాస్తాడు. వారపత్రికలో చాలా దశాబ్దాలు రచయితల పేర్లే వేసేవారు కాదు. నిజానిజాలు చూడ్డానికి పరిశోధకులుండేవారు, ఆ రోజుల్లో దాదాపు అందరూ ఆడవాళ్ళే. రాతప్రతిలో సరిచూసిన ప్రతి మాట మీదా పెన్సిల్తో ఓ చుక్క పెట్టాలి. చుక్క లేని మాట అచ్చుకి పోకూడదు. (మన కోడ్ రివ్యూల్లో ఇంత శ్రద్ధ ఉంటే నా కథే ఉండేది కాదు :-) )

పాత కత్తిరింపులు దాచే గదిని అమెరికన్ పత్రికలవాళ్ళు ముద్దుగా 'శవాగారం' అనేవారు. మనుషుల పేర్ల మీద కవర్లు, అందులో వాళ్ళ గురించి ఎప్పుడెప్పుడో పడ్డ వార్తలన్నీ. ఎవరైనా పోతే సంతాప వార్త రాయడానికి ఆ కవరు లాగేవారు. బతికున్నవాడి కవరు కూడా అక్కడే ఉంటుంది మరి. డేటాబేసు అనే మాట పుట్టకముందే డేటాబేసు ఉందన్నమాట. ఫియరింగ్ కనిపెట్టిందేమీ లేదు. సినిమా తారల మీదా, సెనెటర్ల మీదా రోజూ నడిచే ఆ యంత్రాన్ని, దాన్ని నడిపేవాడి వైపే తిప్పి చూపించాడు, అంతే.

ఇక ఆ గడియారం. నవల్లో అది నిజం గడియారం కాదు. స్ట్రౌడ్ మనసులో ఉన్న ఊహ. లోకం మొత్తాన్ని నడిపించే ఓ మహాయంత్రం, అందులో మనుషులు ముళ్ళ మీద పాకుతుంటారు, అది మాత్రం ఎవరికోసమూ ఆగదు. ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది మన వృత్తి పుట్టుపూర్వోత్తరాలు. న్యూయార్కు రాష్ట్రంలో ఆబర్న్ అనే ఊళ్ళో విలర్డ్ బండీ అని ఓ నగల వర్తకుడు ఉద్యోగులు వచ్చే, పోయే వేళలు నమోదు చేసే గడియారం తయారుచేసి 1890లో పేటెంటు తీసుకున్నాడు. అన్నదమ్ములు కలిసి పెట్టిన ఆ కంపెనీ చేతులు మారీ మారీ, 1911లో బరువులు తూచే యంత్రాలవాళ్ళతోనూ, రంధ్రాల కార్డులు లెక్కపెట్టే యంత్రాలవాళ్ళతోనూ కలిసిపోయింది. ఆ కలగూరగంపకి 1924లో పెట్టిన కొత్త పేరే ఐబీయం. గడియారాల వ్యాపారాన్ని 1958 దాకా వదల్లేదు కూడా. మనం పొద్దున్నే మెడలో కార్డు గేటుకి చూపించి 'బీప్' అనిపించే యంత్రమూ, లోపలికెళ్ళి కూర్చునే యంత్రమూ ఒక తల్లి పిల్లలేనన్నమాట. ఇది తెలిసినరోజు మా టీంలో అందరికీ చెప్పాను, ఎవరికీ పెద్దగా ఆశ్చర్యం వెయ్యలేదు.

ఫియరింగ్ మనిషి గురించి కాస్త. 1902లో షికాగో పక్కన ఓక్ పార్క్‌లో పుట్టాడు. న్యూయార్కు వచ్చి, పొట్టకూటికి చవకబారు పత్రికలకి కథలు రాస్తూ, మిగతా టైంలో కవిత్వం రాసాడు. మాంద్యం రోజుల కవి. ప్రకటనల భాష, వార్తల భాష, ఆఫీసు ఉత్తరాల భాష కవిత్వంలోకి తెచ్చినవాడు. ఎలిస్ నీల్ అనే చిత్రకారిణి 1935లో అతని బొమ్మ గీసింది, ఇప్పుడు న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. అంతర్జాలంలో వెతికి చూడండి. కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్న మనిషి, గుండె ఉండాల్సినచోట ఓ బుల్లి అస్థిపంజరం, ఆ అస్థిపంజరం గుండెని పిండి రక్తం తీస్తుంటుంది! నవల్లో చిత్రకారిణి లూయీజ్ పాటర్సన్‌కి ఈవిడే మూలం అని అంటారు. ఆ పాటర్సన్ పాత్ర ఉంది చూసారూ, మొత్తం పుస్తకంలో నాకు నచ్చిన ఒకే ఒక్క మనిషి. గట్టిగా నవ్వుతుంది, ఎవరినీ లెక్కచెయ్యదు. పాత వస్తువుల దుకాణంలో తన బొమ్మనే తను కొనబోతే, పోటీపడి ఎక్కువిచ్చి కొనుక్కుపోయినవాడు స్ట్రౌడ్. కాబట్టి సాక్షిగా ఆఫీసుకి పిలిపిస్తే చూడగానే గుర్తుపట్టేస్తుంది. కానీ చెప్పదు. కారణం జాలి కాదు, న్యాయం కాదు. తన బొమ్మలు ఇతని దగ్గరున్నాయి, ఇతను పోతే అవేమవుతాయో! లోకంలో మనల్ని కాపాడేవాళ్ళ కారణాలు చాలాసార్లు ఇలాగే ఉంటాయేమో.

పుస్తకం వచ్చిన మరుసటి ఏడాది, 1947 మార్చిలో, ప్రెసిడెంటు ట్రూమన్ ఓ ఉత్తర్వు ఇచ్చాడు: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులందరి విధేయతనీ పరీక్షించాలని. పేర్లు ఫైళ్ళతో సరిచూడ్డం, అనుమానం ఉంటే విచారణ. ఏ సంఘంలో ఉన్నావు, ఎవరితో తిరిగావు, ఏం చదివావు. అదే ఏడాది నవంబరులో హాలీవుడ్ పెద్దలు సమావేశమై పదిమందిని పన్లోంచి తీసేసారు. అమెరికాలో ఆఫీసంటే పనిచేసే చోటే కాదు, పక్క బల్లవాడి గతాన్ని వెతికే చోటు కూడా అయిపోయింది. 1948 ఆగస్టులో ఇంకో విచిత్రం. విటకర్ చాంబర్స్ అనే ఆయన పార్లమెంటు కమిటీ ముందు నిలబడి, ఒకప్పుడు తను రహస్య కమ్యూనిస్టు ముఠాలో పనిచేసానని చెప్పి, మాజీ అధికారి ఆల్జర్ హిస్ పేరు బయటపెట్టాడు. అప్పటికి ఈ చాంబర్స్ ఉద్యోగం ఎక్కడనుకుంటున్నారు? 1939 నుంచీ టైం పత్రికలోనే, సీనియర్ ఎడిటరు! పూర్వజన్మ ఒకటి దాచుకుని, ప్రపంచంలో ఎవరి గురించైనా తవ్వితీయగల ఆఫీసులో తొమ్మిదేళ్ళు కూర్చున్న మనిషి. ఆ ఏడాదే 'బిగ్ క్లాక్' సినిమా కూడా విడుదలైంది.

1950లో ఫియరింగ్‌నీ పిలిచారు. నువ్వు కమ్యూనిస్టు పార్టీ సభ్యుడివా అని అడిగితే, "ఇంకా లేదు" అన్నాడట. నాకైతే ఆ జవాబు చదివినప్పుడల్లా నవ్వొస్తుంది, ఆ ధైర్యం నాకుంటుందా అని కూడా అనిపిస్తుంది. 1961లో పోయాడు. ఆ తర్వాత రాసినవేవీ దీనంత ఆడలేదు.

సినిమాల గురించి ఎక్కువ చెప్పను. 1948 సినిమాకి జాన్ ఫారో దర్శకుడు, రే మిలాండ్ స్ట్రౌడ్, ఛార్లెస్ లాటన్ జానోత్. లాటన్ కోసం చూడొచ్చు. కానీ సెన్సారు రోజులు కదా, హీరోని శుద్ధ సంసారిని చేసేసారు. దాంతో నోరు విప్పకపోవడానికి అసలు కారణం సగం చచ్చిపోయింది. పైగా మనసులో ఉన్న గడియారాన్ని తెచ్చి బిల్డింగు మధ్యలో నిజంగానే కట్టించారు! 1987లో 'నో వే అవుట్' అని మళ్ళీ తీసారు, కెవిన్ కాస్ట్‌నర్‌తో. పత్రికాఫీసు పోయి పెంటగాన్ వచ్చింది, ఎడిటరు పోయి నౌకాదళం ఆఫీసరు వచ్చాడు. మనవాళ్ళు చూడాల్సింది అందులో కంప్యూటర్. పాడైపోయిన ఓ ఫోటో నెగటివ్‌ని ఆ కంప్యూటర్ గంటల తరబడి నెమ్మదిగా బాగుచేస్తూ ఉంటుంది, అందులో తేలబోయే మొహం హీరోదే. ఇప్పటి పిల్లలకి చెప్తే నవ్వుతారు, ఫోన్లో రెండు సెకన్ల పని. నేను మాత్రం నవ్వలేదు. స్ట్రౌడ్ తన మనుషుల్ని నిదానం చేయగలిగాడు, ఇతను యంత్రాన్ని ఎలా నిదానం చేస్తాడు?

నవల ముగింపు నన్ను చాలారోజులు ఇబ్బంది పెట్టింది. వెతుకులాట బిల్డింగు లోపలికే వచ్చేస్తుంది. ఆ మనిషి ఈ భవనంలోకి వెళ్ళడం చూసాం అంటారు సాక్షులు. తలుపులన్నీ మూసి, ఒక్కో అంతస్తూ గాలించుకుంటూ స్ట్రౌడ్ గది వైపు వస్తుంటారు. ఇక అయిపోయింది అనుకునే వేళకి, పైన ఎక్కడో బోర్డు సమావేశంలో కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోతుంది, జానోత్ పదవి ఊడుతుంది, వెతుకులాటకి డబ్బిచ్చేవాడే లేడు కాబట్టి ప్రాజెక్టు ఆగిపోతుంది. అంతే! స్ట్రౌడ్ తెలివి వల్ల కాదు, నిజం గెలవడం వల్ల కాదు. పునర్వ్యవస్థీకరణ. చివర్లో టాక్సీలో పోతుంటే, జానోత్ పైనుంచి పడి చచ్చిపోయాడన్న పత్రిక శీర్షిక కనబడుతుంది. మొదటిసారి చదివినప్పుడు ఇదేం ముగింపు, మోసం అనుకున్నాను. ఉద్యోగంలో చేరి రెండు రీ-ఆర్గ్‌లు చూసాక మాత్రం, ఇంతకంటే నిజమైన ముగింపు ఉండదనిపించింది. ఆ ముగింపులో పాలిన్ పేరు ఎవరికీ గుర్తుండదు, అది మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

సరే, నా సంగతి. ఎవరు ఏ లైను రాసారో చూపించే ఆజ్ఞకి గిట్‌లో పెట్టిన పేరే 'బ్లేమ్', అంటే నింద. ఆ రోజు పావుగంటలో అది నాకు చూపించిన పేరు మా టీంలో కాంట్రాక్టు మీద ఉన్న ఓ కుర్రాడిది. ఇంజనీరింగ్ అయి ఏడాదిన్నర, నన్ను "అన్నా" అనేవాడు. కానీ ఆ లైను రాసింది వాడు కాదు, నేను. ఆ వారం నేను సెలవులో ఊళ్ళో ఉన్నాను, వీపీఎన్ కలవలేదు, మార్పు మెయిల్లో పంపి "నీ మెషీన్ నుంచి ఎక్కించెయ్యి తమ్ముడూ" అన్నాను. సర్వర్ జవాబు ఆలస్యమైతే మళ్ళీ ప్రయత్నించే కోడ్ అది. మొదటిది చేరిందో లేదో చూడకుండా రెండోది పంపేస్తుంది. చూడాల్సిన లైను నేను మర్చిపోయాను.

రిపోర్టులో నేను అబద్ధం రాయలేదు. ఏ మార్పులో పొరపాటు వచ్చిందో దాని నంబరు రాసాను, టెస్టులు చాలలేదని రాసాను, ఇకమీదట ఏం జాగ్రత్తలు తీసుకోవాలో ఓ పేజీ రాసాను. ఆ నంబరు నొక్కితే వాడి పేరొస్తుంది. బుధవారం సాయంత్రం పంపేసాను. ఆ కుర్రాడు నన్నేం అడగలేదు, అదే మెయిలు వాడి దగ్గరా ఉంది, అయినా అడగలేదు. నెలాఖరుకి వాడి కాంట్రాక్టు పొడిగించలేదు. అప్పుడు వెళ్ళి మేనేజరుకి చెప్పాను. ఆయన ఓ క్షణం నా మొహంలోకి చూసి, "రిపోర్టు క్లయింటుకి వెళ్ళిపోయిందిగా, ఇప్పుడెందుకు కెలకడం. ఎలాగూ బడ్జెట్ లేదు, వాణ్ణి వదులుకోవాల్సిందే" అన్నాడు. అది నిజమో, నన్ను తేలిక పరచడానికన్నాడో నేను అడగలేదు. మూడు నెలల్లో ఆయనా వేరే ప్రాజెక్టుకి మారిపోయాడు.

ఆ కుర్రాడు ఇప్పుడు బెంగుళూర్లో మంచి కంపెనీలోనే ఉన్నాడు. పోయిన నెల లింక్డ్ఇన్‌లో నా ఉద్యోగానికి ఇన్నేళ్ళయిందని వచ్చినప్పుడు అందరికంటే ముందు "కంగ్రాట్స్ అన్నా" అని పెట్టింది వాడే. "థాంక్స్ రా" అని కొట్టాను.